పాట అందించే జాగా

కంప్యూటర్లో పాట కట్టడానికి కూర్చుంటే అది మొదట అడిగేది వేగం. నిమిషానికి ఎన్ని తాళం దెబ్బలో చెప్పమంటుంది. ఆ గడిలో ముందే నూట ఇరవై అని వేసి ఉంటుంది, తెలియనివాళ్ళు అదే ఉంచుకోవచ్చన్నట్టు. మా చర్చిలో పాడే పాటల వేగం ఒక అంకెలో చెప్పవచ్చని నేను అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు.

ఆ మధ్యాహ్నం పాప నిద్రలో ఉంది. రెండేళ్ళ పిల్ల. అది నిద్రపోయే గంటన్నరే నాకు దొరికే సమయం. ల్యాప్‌టాప్ తీసుకుని వాకిట్లోకి వచ్చాను. మా అత్త చాట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తోంది.

"అత్తా, నది దాటే పాట ఒకసారి పాడు. ఎంత స్పీడో చూసుకోవాల."

"పాటకు స్పీడేంది? పాడతా పోతే అదే వస్తాది."

"ఊరికే పాడత్తా."

ఆమె తల ఎత్తకుండానే పాడింది. నేను ఆ పాటకు తగ్గట్టు ఒక మీట నొక్కుతూ పోయాను. అలా నొక్కితే వేగమెంతో కంప్యూటరే లెక్కకట్టి చెబుతుంది. మొదటి లైనుకు అరవై రెండు అంది. రెండో లైనుకు యాభై ఐదు. తర్వాత ఆమె ఆగి, మూడో లైను మాటల్ని గబగబా చెప్పి, ఊపిరి తీసుకుని, అప్పుడు పాడింది. అంకె ముప్పైకి పడిపోయి మళ్ళీ డెబ్భైకి లేచింది. నాకు విసుగొచ్చింది.

"మధ్యలో ఆ చెప్పేదెందుకు? ఈడ నేనొక్కదాన్నే గదా ఉండేది. నాకు పాట వచ్చు."

"చెప్పకుండా నాకు రాదు," అంది.

ఆ మాట విన్నాను కానీ పట్టించుకోలేదు. అరవై నాలుగు అని వేసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

మా చర్చిలో దాన్ని పాట అందించడం అంటారు. ఆడవాళ్ళలో సగం మందికి చదువు రాని రోజుల్లో మొదలైన పద్ధతి. ఒకరు ముందుగా లైను మాటల్ని గట్టిగా చెబుతారు, అందరూ ఆ లైను పాడతారు. ఆ గొంతులు ఇంకా తగ్గకముందే తర్వాతి లైను చెబుతారు. ఇప్పుడు పాటల పుస్తకాలున్నాయి, ఫోన్లలో కూడా పాటలు చూసుకుంటారు. అయినా వెనక గోడకు ఆనుకుని కూర్చునే పెద్దవాళ్ళకు అందించే మనిషి కావాలి. ఉదయగిరికి కాస్త ఇవతల ఉన్న మా ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఆ మనిషి మా అత్త. ఆమెకూ చదువు రాదు. అన్నీ విని పట్టుకున్నవే. చర్చిలో ముందు వరసలో, హార్మోనియం పక్కన ఆమె చోటు. హార్మోనియం వాయించేది మా మామ.

మామ కిందటి వేసవి చివర్లో చనిపోయాడు. ఆయన తర్వాత మెట్ట పొలం కౌలుకిచ్చాం. గేదెను అమ్మేశాం. వంటిల్లు నా చేతికి వచ్చింది. మా అత్త చేసే పనులు ఒక్కొక్కటే జారిపోయి, చివరికి ఆదివారం పాట అందించడం ఒక్కటి మిగిలింది. దాని కోసం శనివారమే తలస్నానం చేసేది. ఇంట్లో ఊడుస్తున్నా, పాపను జోకొడుతున్నా ముందు లైను చెప్పి తర్వాతే పాడేది. ఆ ఒక్కటీ నా చేతుల మీదుగా పోతుందని నాకప్పుడు తెలియదు.

హార్మోనియం వాయించేవాళ్ళు ఇంకెవరూ లేరు. కొన్ని నెలలు ఉత్త గొంతులతోనే పాడారు. తర్వాత చర్చికి కొత్త స్పీకర్లు కొన్నారు. పాస్టరుగారు మా ఇంటికి వచ్చి, "అమ్మా, నువ్వు డిగ్రీలో కంప్యూటర్లు చదివినావు గదా. మన పాటలకు మ్యూజిక్ ట్రాకులు చేసి పెట్టలేవా?" అని అడిగారు. నేను చదివింది వేరు, ఇది వేరు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి సరేనన్నాను. పాప పుట్టాక నన్ను ఎవరైనా చదువుకున్నదానిగా చూసి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

మా ఆయన ఆత్మకూరులో ట్రాక్టర్ల మెకానిక్కు. ఆయన పనిచేసే చోటికి దగ్గర్లో పెళ్ళి ఊరేగింపులకు పాటలు మిక్సింగ్ చేసే షాపు ఉంది. ఒక రోజు పాపను చంకనేసుకుని నేనూ ఆయనతో బస్సెక్కి అక్కడికి వెళ్ళాను. షాపాయనను అందరూ భాయ్ అంటారు. పాప తీగలు పట్టుకుంటుందేమో, ఆ పెద్ద బాక్సుల మోతకు దాని చెవులు దెబ్బతింటాయేమో అని నాకు ఒకటే గుబులు. దాని చెవులు నా అరచేతులతో మూసి పట్టుకునే ఆయన చెప్పింది విన్నాను.

"ఇవి గడులమ్మా. నాలుగు దెబ్బలు ఒక గడి. డోలు ఒక వరస, బేసు ఒక వరస, పైన కీబోర్డు ఒక వరస. ఏదైనా గీత మీదే పడాల. గీత తప్పిందంటే ముందర ఆడేవాళ్ళ కాళ్ళు తప్పతాయి. తంతారు నన్ను."

"మాది చర్చి పాట, భాయ్. ఆడేవాళ్ళుండరు."

"పాడేవాళ్ళుంటారు గదా. అదే లెక్క. బాక్సు ఎవురికోసం ఆగదమ్మా, మనుషులే దాని ఎంబడి పోవాల."

అది సూత్రం లాగా నా తలలో నిలబడిపోయింది.

తర్వాత రెండు నెలలు మధ్యాహ్నాలు నేర్చుకున్నాను. ఫోనులో వీడియోలు చూస్తూ, ఆపుతూ, మళ్ళీ చూస్తూ. పియానో మెట్లు తెర మీద నిలువుగా ఉంటాయి, వాటి పక్కన గీతలు గీసినట్టు స్వరాలు పెట్టాలి. నాలుగు గడుల ముక్క చేసి అదే మళ్ళీ మళ్ళీ తిరిగేట్టు పెట్టవచ్చు. మొదటిసారి డోలు, బేసు, హార్మోనియం లాంటి ధ్వని మూడూ కలిసి మోగినప్పుడు నేను చేసిందేనా ఇది అనిపించింది. అందరు కొత్తవాళ్ళలాగే అన్నీ నింపేశాను. గంటలు పెట్టాను, పిల్లనగ్రోవి పెట్టాను, ఖాళీ కనిపిస్తే అక్కడ ఏదో ఒకటి వేశాను. భయస్తులకు ఖాళీ కనిపిస్తే ఊరుకోబుద్ధి కాదు.

మా ఆయన విని, "మా అమ్మను డీజే ఎక్కిస్తావా ఏంది?" అని నవ్వాడు. మా అత్త మాత్రం, "బలే ఉండాదే," అంది. "మీ మామ వింటే సంతోషపడేవోడు." ఆమె ఆ మాట మనసులోంచే అంది. అందుకే తర్వాత జరిగింది నన్ను అంత బాధించింది.

ఆ ఆదివారం ల్యాప్‌టాప్ తీగను స్పీకర్లకు కలిపి పాట పెట్టాను. ముందు వాయిద్యం మోగింది. అత్త తన చోట కూర్చుని మొదటి లైను అందించింది. అందరూ పాడారు. ఆ లైను అయిపోయింది, ట్రాకు ఆగకుండా రెండో లైనులోకి వెళ్ళిపోయింది. అత్త రెండో లైను చెప్పేసరికి అది సగంలో ఉంది. వాళ్ళు పాడబోయేసరికి మూడోది మొదలైంది. అత్త వేగంగా చెప్పింది, ఇంకా వేగంగా చెప్పింది, ఒక చోట రెండు లైన్లు కలిపి చెప్పింది. తర్వాత నోరు తెరిచి, ఏ లైనో తెలియక, స్పీకరు వైపు చూసింది. ఫోన్లో పాట చూసుకునే నలుగురైదుగురు ఆడపిల్లలు మాత్రమే చివరిదాకా పాడారు. నేను పాట ఆపేయవచ్చు. మీట నా వేలి కిందే ఉంది. ఆపితే అందరూ నన్ను చూస్తారని ఆపలేదు.

బయట చెప్పులేసుకుంటుంటే వెనక గోడ దగ్గర కూర్చునే పెద్దామె మా అత్త భుజం మీద తట్టింది. "ఆపకుండా పోయిన బస్సు మాదిరి పోయింది గదమే నీ కోడలి పాట. మేం స్టాపులోనే నిలబడిపోయినాం."

"కొత్త గదక్కా. నేర్చుకుంటాది," అంది అత్త. నన్ను కాచి మాట్లాడింది. దారిలో పాపను ఎత్తుకుంది, ఎండ తగలకుండా పైట కప్పింది.

నేను వెంటనే సరిచేయడానికి కూర్చున్నాను. లైనుకూ లైనుకూ మధ్య నాలుగు దెబ్బల ఖాళీ పెట్టాను. చిన్న లైన్లకు సరిపోయింది, పొడవాటివాటికి చాలలేదు. ఎనిమిది పెట్టాను. అప్పుడు చిన్న లైన్లు చెప్పేశాక ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని డోలు దెబ్బలు వింటూ ఎదురుచూడాల్సి వచ్చింది. రెండో ఆదివారం ఆమె ముఖంలో పరీక్ష రాసేవాళ్ళకుండే భయం చూశాను. ముప్పై ఏళ్ళు చేసిన పనికి ఆమె భయపడుతోంది. అర్ధగంట పాటల తర్వాత ఆమె మెడ చెమటతో తడిసిపోయింది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఉపాయమనే అనుకున్నాను. ఇంట్లో ఆమెను కూర్చోబెట్టి, ఫోనుతో ఆమె గొంతు రికార్డు చేశాను. ఆదివారం పాడే పాటలన్నీ, ప్రతి లైనూ, అందించే మాటలు మాత్రమే. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ముక్కలు కోసి, ఏ లైనుకు ఎంత కావాలో అంత జాగా ఇచ్చి, గీతల మీద సరిగ్గా కూర్చోబెట్టాను. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఎక్కడా తడబాటు లేదు. స్పీకర్లో అయితే వెనక కూర్చున్న పెద్దామెకు కూడా బాగా వినబడుతుంది. పని పూర్తయ్యాక ఆమెను పిలిచి వినిపించాను, మెచ్చుకుంటుందనే పిలిచాను.

తన గొంతు తనకు లైను తర్వాత లైను అందిస్తుంటే ఆమె మొత్తం విన్నది. పాప అటూ ఇటూ చూసి, "నానమ్మ, నానమ్మ," అని తెరను వేలితో తాకింది.

"బాగుండాది," అంది అత్త. లేచింది. "ఇంక నేను లేకపోయినా జరిగిపోతాది."

"అట్టా కాదత్తా..."

"లేదులే అమ్మాయ్, మంచిపనే చేసినావు. నాకూ ఊపిరి అందడంలా."

ఆ తర్వాతి ఆదివారం ఆమె ముందు వరసకు రాలేదు. వెనక గోడ దగ్గర, పెద్దామె పక్కన కూర్చుంది. ఆమె గొంతు స్పీకర్లోంచి అందించింది, జనం పాడారు. పాస్టరుగారు సంతోషించారు. అంతా సాఫీగా జరిగింది. నేను వెనక్కి తిరిగి చూస్తే అత్త పెదవులు కదలడం లేదు.

ఆ వారం ఇంట్లో కూడా పాట ఆగిపోయింది. ఊడ్చేటప్పుడు చీపురు చప్పుడే వినిపించేది. పాపను జోకొట్టడానికి ఒళ్ళో వేసుకుని వీపు మీద తట్టేది, అంతే. పాప తల ఎత్తి ఆమె నోటి వైపు చూసేది. మా ఆయనతో చెబితే, "అమ్మకు వయసైపోతా ఉండాది, అంతేలే," అన్నాడు. నాకు అలా అనుకోవడం చేతకాలేదు. ఆమె మాట్లాడని ప్రతి పూటా నేను చేసిందేమిటో లెక్కపెట్టుకుంటూ ఉండిపోయేదాన్ని. మామ పోయి ఏడాదైన రోజున చేసే కూడికకు ఇంకా మూడు వారాలుంది. ఇంటి ముందు షామియానా వేసి, ఊరందరినీ పిలిచి, ప్రార్థన చేయించి, ఆయనకిష్టమైన నది దాటే పాట పాడించాలి. ఆ పాట ఎవరు అందించాలో పాస్టరుగారు అడిగితే అత్త, "అమ్మాయి పెట్టె ఉండాది గదయ్యా," అంది.

నేను ఆ రాత్రి అన్నాలయ్యాక ఆమె దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. తప్పయిందని చెప్పాలనుకున్నాను. చెప్పడం చేతకాక పోట్లాట లాగా అడిగాను.

"మామ మాత్రం ఎట్టా వాయించేవాడత్తా? ఆయనా లైను తర్వాత లైను వాయించుకుంటానే పోయుంటాడు గదా. అప్పుడు సరిపోయింది, ఇప్పుడెందుకు సరిపోవడంలా?"

"ఎవురు చెప్పినారు నీకు వాయించుకుంటా పోతాడని?" మొదటిసారి ఆమె గొంతు లేచింది. "పట్టుకోని ఉండేవోడు."

"పట్టుకోని అంటే?"

ఆమె మంచం కిందనుంచి హార్మోనియం పెట్టె లాగింది. దుమ్ము తుడిచి, ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ రెండో చేతి వేలితో ఒకే ఒక మెట్టు నొక్కింది. ఆమెకు వాయించడం రాదు. గరగరమంటూ ఒక్క స్వరం వచ్చి, ఆమె నొక్కినంతసేపూ ఉంది.

"ఇట్టా. లైను పాడినాక ఇది పట్టుకుంటాడు. నేను చెప్పేదాకా ఇదే. ఎనకామెకు వినపళ్ళేదని రెండుసార్లు చెప్తానా, అప్పుడూ ఇదే. దగ్గొస్తాదా, మరుపొస్తాదా, పిలకాయ ఎవురో ఏడ్చినారని నేను అటు చూస్తానా, అప్పుడూ ఇదే. నా మొహం చూస్తా ఉంటాడు. నేను ఊపిరి తీసుకున్నాకే చెయ్యి కదిలించేవోడు." మెట్టు వదిలేసింది. "నీ పెట్టె నా మొహం చూడదు గదా అమ్మాయ్."

నేను రెండు నెలలు నేర్చుకున్నదంతా పాట ఎలా ముందుకు పోవాలో. ఎలా ఆగి ఉండాలో ఎవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు.

వెతికితే అది కష్టమైన పని కాదు. పాటను లైను లైనుగా విడగొట్టాను. ఒక్కో లైను ఒక్కో ముక్క. లైను అయిపోగానే ఒక్క స్వరం మోగుతూ ఉండే ముక్క ఒకటి. అది తనంతట తాను ఎక్కడికీ పోదు. నేను మీట నొక్కితేనే తర్వాతి లైను మొదలవుతుంది. డోలు తీసేశాను. గంటలు, పిల్లనగ్రోవి తీసేశాను. అత్త గొంతు ముక్కలన్నీ తీసేశాను. తెర మీద దాదాపు ఏమీ మిగల్లేదు. భాయ్ చూస్తే ఇదేం మిక్సింగ్ అనేవాడు. ఇలా చేస్తే పాట జరిగినంతసేపూ నేను అక్కడే కూర్చుని ఆమె ముఖం చూడాలి. ఒకసారి చేసి పెట్టి లేచిపోయే పని కాదిక.

అత్తకు చెప్పాను. విని, "చూద్దాంలే," అంది. మూడు వారాలూ ఆమె పాడలేదు.

కూడిక రోజు సాయంత్రం తీగలన్నీ రెండుసార్లు చూసుకున్నాను. కరెంటు పోతుందేమో, ల్యాప్‌టాప్ ఆగిపోతుందేమో, పాప వచ్చి మీట నొక్కేస్తుందేమో. పాప ఎవరి దగ్గరా ఉండనని ఏడ్చింది, నా ఒళ్ళోనే కూర్చోబెట్టుకుని దాని రెండు చేతులూ నా ఎడమ చేతిలో పట్టుకున్నాను. షామియానా నిండా జనం. మామ ఫోటో కుర్చీలో పెట్టి ఉంది. అత్త ఆడవాళ్ళ మధ్య, వెనక వరసలో, ఇంటి గోడ దగ్గరే కూర్చుంది. ముందు చాప మీద ఆమె చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అక్కడ కూర్చోలేదు.

పాస్టరుగారు ప్రార్థన చేసి పాట పేరు చెప్పారు. నేను మొదటి మీట నొక్కాను. ఆ ఒక్క స్వరం మోగింది.

అత్త తల దించుకుని ఉంది.

స్వరం మోగుతూనే ఉంది. జనం పుస్తకాలు తెరిచారు, మూశారు, అటూ ఇటూ చూశారు. ఫోన్లు పట్టుకున్న ఆడపిల్లలు నా వైపు చూస్తున్నారు, మొదలుపెట్టమన్నట్టు. పాస్టరుగారు కనుబొమలు ఎగరేశారు. మొదటి లైను నాకు వచ్చు. నేనే అందించవచ్చు. వరసగా మీటలు నొక్కుతూ పోతే పాట నడిచిపోతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఖాళీ కనిపిస్తే నింపేసే చెయ్యి నాది. పాప చేతుల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుని మా అత్త ముఖం చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో చెప్పలేను. తెర మీద అంకెలు నడుస్తూనే ఉన్నాయి గానీ నేను వాటిని చూడలేదు.

"చెప్పుమే," అంది పక్కనున్న పెద్దామె, అందరికీ వినబడేట్టు. "నువ్వు చెప్తే గదా మేం పాడేది."

అత్త తల ఎత్తింది. మామ ఫోటోను కాదు, నన్ను చూసింది. నేను కదల్లేదు. ఆమె ఊపిరి తీసుకోవడం అంత దూరం నుంచీ కనిపించింది. కూర్చున్న చోటి నుంచే, గోడ దగ్గరి నుంచే, మొదటి లైను చెప్పింది. గొంతు పగిలింది. మళ్ళీ చెప్పింది. అప్పుడు నొక్కాను.

అందరూ పాడారు. వెనకవాళ్ళు ముందుగా, ముందువాళ్ళు తర్వాత. ప్రతి లైను చివరా ఆ స్వరం నిలబడింది. మూడో చరణంలో ఆమె చాలాసేపు ఆగిపోయింది. పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి ఎవరూ అటూ ఇటూ చూడలేదు. నా వేలు మీట మీద నొప్పి పుట్టేదాకా ఉంది. తర్వాత ఆమె పైట తీసి, చెప్పవలసిన లైను చెప్పింది.

భోజనాలయ్యాక పెరట్లో గిన్నెలు కడుగుతుంటే అత్త వచ్చి నా పక్కన పీట వేసుకుంది. బూడిద, పీచు తీసుకుని ఒక డేగిసా ముందుకు లాక్కుంది. నేను లేవబోతే ఆగమంది.

"మూడో చరణంలో అంతసేపు పట్టుకున్నావే. జనం ఏమనుకుంటారనుకోలా?"

"అనుకున్నానత్తా. భయమేసింది."

"మరి?"

"నువ్వు చెప్పలేదు గదా."

ఆమె డేగిసా అడుగు గట్టిగా రుద్దింది. తల ఎత్తకుండానే అంది.

"వచ్చే ఆదివారానికి శృతి రెండు మెట్లు దించు. బో పైన పెట్టినావు. నాకు అందడంలా."